చిత్తరోగి సాక్ష్యము: బీర్సు గ్రంథవిమర్శ

మనోవ్యాధిని గూర్చి వ్రాయబడిన గ్రంథములు సామాన్యముగ రెండు తెగలు. వైద్యులు వ్రాసినవి మొదటి తెగ. కవులును నాటకకర్తలును వ్రాసినవి రెండవ తెగ. మొదటివానియందు రోగి వర్ణింపబడును, రెండవవానియందు కల్పింపబడును. రెంటియందును రోగి తన మాట తాను చెప్పుకొనుట యరుదు. చెప్పినను అది వైద్యుని ప్రశ్నకు ప్రత్యుత్తరముగనో, రంగస్థలముపై జనులను నవ్వించుటకో యేడిపించుటకో యగును. ఈ రెండు తెగలకును చెందక, రోగియే కలము పట్టి, తన రోగము నడచిన తీరును, తన్ను లోకులు నడపిన తీరును తేదీలతో వ్రాసిన గ్రంథములు కొన్ని గలవు. వానిలో ముఖ్యమైనది అమెరికాదేశస్థుడగు క్లిఫర్డు విట్టింగ్‌హామ్ బీర్సు 1908వ సంవత్సరమున ప్రకటించిన ఆత్మచరిత్రము. ‘తన్ను దాను కనుగొనిన మనస్సు’ అని దాని పేరునకు తెలుగు చెప్పవచ్చును.

ఈ గ్రంథము వెలువడి నూఱేండ్లు దాటినది. రోగములకు పేరులు మాఱినవి, మందులు వచ్చినవి. ఇప్పుడు దీనిని పైకి తీసి విమర్శించుట యేల యని చదువరు లడుగవచ్చును. ఒక యింటిలో నొకరికి చిత్తము చెదరినపుడు ఆ యింటివారికి పుట్టు ప్రశ్నలు మూడు. ఇది యేమి? ఇట్టిది లోకమున మఱియెవ్వరికైన వచ్చినదా? వచ్చి, దానితో బ్రదికినవారున్నారా? మొదటి ప్రశ్నకు వైద్యుడు సమాధానము చెప్పగలడు. రెండవదానికి లెక్కలు చెప్పగలవు: మనదేశమున 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేననుసరించి వయోజనులలో నూటికి పదిమందికి మించి ఏదో యొక మానసికవ్యాధితో నున్నారు, వారిలో పెక్కురకు చికిత్స యందుట లేదు. మూడవ ప్రశ్నకు మాత్రము వైద్యుని మాటయు లెక్కయు చాలవు. దానికి సాక్షి కావలెను. బీర్సు అట్టి సాక్షి. ఆతని మాట మన కెచ్చట పనికివచ్చును, ఎచ్చట పనికిరాదు అను విచారమే యీ వ్యాసము.

కథ క్లుప్తముగ నిది. బీర్సు 1876లో న్యూహేవను పట్టణమున జన్మించి, 1897లో యేల్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. అన్నగారికి మూర్ఛరోగము వచ్చుట కన్నులార చూచినవాడగుటచే, తనకును అది వచ్చునను భయము విద్యార్థిదశయందే యాతని మనస్సున నాటుకొనెను. చదువు సాగినది, న్యూయార్కునందు కొలువు దొరకినది, భయము మాత్రము లోలోపల పెరుగుచునే యుండెను. 1900 జూను నెలలో ఇంటి మేడమీది కిటికీనుండి క్రిందికి పడెను. పాదముల యెముకలు విఱిగెనే కాని ప్రాణము పోలేదు. అది మొదలు 1903 వఱకు ఆతని కాలము మిక్కిలి భాగము మూడు చికిత్సాలయములలో గడచెను. వానిలో నొకటి లాభమునకై నడచునది, ఒకటి లాభాపేక్ష లేనిది, మఱియొకటి ప్రభుత్వముది.

ఆత్మహత్యకు యత్నించుట నేరము గనుక తన్ను విచారణకు నిలువబెట్టుదురని ఆతడు నమ్మెను. ఆసుపత్రి కిటికీల కడ్డీలు చెఱసాల కడ్డీలుగ తోచెను. పరిచారకులు గూఢచారులైరి. చూడవచ్చిన తోబుట్టువులు తోబుట్టువులు గాక, వారి రూపము దాల్చిన పోలీసువారైరి. తన మాట యెవ్వరికి చిక్కినను తనవారికే కీడగునని, రెండేండ్లపాటు ఇంచుమించు మౌనముగ నుండెను. ఈ భాగమును చదువుచున్నప్పుడు నావంటి తర్కాభ్యాసికి మొట్టమొదట తట్టునది యొకటి కలదు. న్యాయశాస్త్రము చదివినవాడు ఇందు హేత్వాభాసములు వెదకును, సులభముగ దొరకవు. పరిచారకుడు తలుపు చాటున నిలిచి చూచుట, వైద్యుడు కాగితముపై వ్రాసికొనుట, బంధువు కంట తడి పెట్టుకొని మాట దాటవేయుట ఇవన్నియు నిజముగ జరిగినవే. వానినుండి ఆతడు తీసిన నిర్ణయములు క్రమము తప్పినవి కావు. చెడినది అనుమానప్రమాణము గాదు, ప్రత్యక్షమే చెడినది. చూపునకే రంగు పట్టినది. ఈ భేదము నెఱుగనందుననే మనము చిత్తరోగితో గంటలకొలది వాదించి, వాదమున నోడి, ‘వీనికి ఎంత చెప్పినను బుద్ధి లేదు’ అని విసుగుకొందుము. బుద్ధి యున్నది, అదియే మనలను వాదమున నోడించినది.

గ్రంథమున ప్రాణప్రదమైన ఘట్టము 1902 ఆగస్టు నెలలోనిది. తన్ను చూడవచ్చుచున్నవాడు నిజముగ తన సోదరుడేనా యను సంశయము బీర్సును పీడించుచుండెను. అదే ఆసుపత్రిలో నున్న మఱియొక రోగి, ఊరిలో తిరుగుటకు అనుమతి గలవాడు, ఆతనికి స్నేహితుడయ్యెను. ఆతడు ‘నీవు పొరబడితివి’ అని వాదింపలేదు. ‘పట్టణపు చిరునామాల పుస్తకమున నీ సోదరుని పేరు చూచి వచ్చెదను’ అనెను. చూచి వచ్చెను, పేరును నివాసమును సరిపోయినవి. అంతట బీర్సు తన సోదరుని నిజమైన చిరునామాకు ఒక లేఖ వ్రాసి, ‘నన్ను చూడవచ్చినవాడవు నీవే యైనచో ఈ లేఖనే చేతబట్టుకొని రమ్ము’ అను భావమున కోరెను. వేషధారికి ఆ లేఖ చేరదు గదా! ఆగస్టు 30వ తేదీన సోదరుడు ఆసుపత్రి ఆవరణమునకు వచ్చి, జేబునుండి ఆ లేఖను తీసి చూపెను. రెండేండ్లుగ నెవ్వరి బోధకును కదలని మాయాప్రపంచము ఆ క్షణమున కూలిపోయినదని బీర్సు వ్రాయుచున్నాడు.

సుందరకాండ చదివినవారికి ఈ ఘట్టము క్రొత్తగ తోచదు. అశోకవనమున సీతకు హనుమంతుడు కనబడినపుడు ఆమె సంశయించినది, రావణుడే యీ రూపమున వచ్చినాడేమో యని. ఆమెకు మతి చెడలేదు. కాని కామరూపుల నడుమ నెలలకొలది బంధింపబడిన మనస్సునకు ఏ రూపమును నమ్మదగినదిగ తోచదు. హనుమంతుడు ఆమె సంశయమును తప్పుపట్టలేదు. రాముని గుణములు చెప్పెను, చిహ్నములు వర్ణించెను, పిదప ఉంగరము నిచ్చెను. మన భాషలో దానికి ఆనవాలు అని పేరు. బీర్సు సోదరుడు చేతబట్టుకొని వచ్చిన లేఖ ఆనవాలే. ఐతే ఒక్క భేదము: ఇచ్చట ఆనవాలును కోరి నిర్ణయించినవాడు రోగియే. పరీక్ష ఆతనిది, ఫలమును ఆతడే చూచుకొనెను. ఇతరు లేర్పఱచిన పరీక్షయైనచో దానినిగూడ కుట్రలో చేర్చియుండెడివాడు.

గ్రంథమంతటిలో నాకు మిక్కిలి విలువైనదిగ తోచినది యిదియే. రోగికి వలసినది బోధ గాదు. తాను పరీక్షించి నమ్మదగిన ఆధారమును, ఆ యాధారమును తెచ్చియిచ్చు మనుష్యుడును. ఆ మనుష్యుడు వైద్యుడు గాడు, బంధువు గాడు. తనవలెనే తాళమువేసిన గదులను చూచినవాడు. మన యిండ్లలో రోగికి దొరకునది దీనికి విరుద్ధము. ‘ధైర్యము తెచ్చుకొమ్ము’, ‘నీకేమి తక్కువ?’, ‘భగవంతుని తలంచుకొమ్ము’ అని వచ్చినవారెల్ల చెప్పుదురు. ఈ మాటలలో ప్రేమ లేదని నేననను. కాలు విఱిగినవానిని లేచి నడువుమని ప్రేమతో చెప్పినను ఎముక అతుకదు.

ఇట్లనుటచే బీర్సుకు ఆ లేఖతో రోగము కుదిరినదని యెవ్వరును భ్రమపడరాదు. ఆతడును అట్లు చెప్పలేదు. విషాదము పోయి, దాని స్థానమున ఉద్రేకము వచ్చెను. రెండేండ్లు మాటాడనివాడు రాత్రింబవళ్లు మాటాడసాగెను, పథకములు వేసెను, వైద్యులతో కలహించెను. ఉగ్రరోగులుండు వార్డులో నేమి జరుగునో చూడవలెనని కోరి యచ్చటికి పంపించుకొనెను. చేతులు కదలకుండ బిగించు గట్టిచొక్కాలో రాత్రులు గడపెను, చలిగదిలో పడియుండెను, పరిచారకుల చేతి దెబ్బలు తినెను. 1903లో కనెక్టికట్ రాష్ట్రపు గవర్నరునకు దీర్ఘమైన ఫిర్యాదును వ్రాసి పంపెను. ఈ యధ్యాయములందు ఆతని గద్యము నిగ్రహము గలది. తన్ను కొట్టినవానిని గూర్చి వ్రాయునపుడుగూడ, వాని జీతమెంత తక్కువయో, వానికి ఈ పని నేర్పినవా డెవ్వడును లేడో చెప్పుట మఱువడు. ఎక్కువ దెబ్బలు తినువారు దుర్మార్గులగు రోగులు గారు, చెప్పినమాట తెలిసికొనలేని యశక్తులు అని ఆతడు గమనించిన సంగతి నేటికిని ఆసుపత్రుల తనిఖీకి పోవువారు గుర్తుంచుకొనదగినది.

ఇక లోపములు. ఉత్తరార్ధమున సంస్కరణప్రణాళిక ప్రవేశించినది మొదలు గ్రంథము నీరసించును. కమిటీలు, సంఘములు, దాతలు అను మాటలు పెరిగి, మనుష్యులు తగ్గుదురు. తాను లోకమును మార్చగలననెడి యుత్సాహమున ఎంత భాగము ఆరోగ్యముది, ఎంత భాగము రోగశేషము అను ప్రశ్న చదువరికి కలుగును. న్యాయముగ చెప్పవలెనన్న, ఆ ప్రశ్న బీర్సుకే ముందు కలిగినది: గ్రంథరచనోద్రేకము మితిమీఱుచున్నదని గ్రహించి, 1905 జనవరిలో తనంతట తానే మఱల ఆసుపత్రిలో చేరెను. తన రోగపు తొలిగుర్తులను తాను తెలిసికొని, ముందుగ తలుపు తట్టుట ఎట్టిదో నేర్పు ఈ కొలదిపుటలు తరువాతి ప్రణాళిక యంతటికన్న మేలైనవి.

రెండవ లోపము గ్రంథకర్తది గాదు, కాలముది. ఆనాటికి ఈ వ్యాధులకు పనిచేయు మందులు లేవు. ఉద్రేకవిషాదములు మాఱిమాఱి వచ్చు రోగమునకు లిథియము పనిచేయునని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించినది 1949లో. క్లోర్‌ప్రోమజీను పారిస్ నగరమున చిత్తరోగులకు వాడబడినది 1952లో. బీర్సును చదివి ‘మందు లేకయే కుదిరినది గదా’ యని ఎవ్వరైన తలంచినచో అది ప్రమాదకరమగు భ్రాంతి. ఈ కొఱత తీఱుటకు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ 1995లో ప్రకటించిన ఆత్మకథను దీనికి జోడుగ చదువవలెను. ఆమె మనశ్శాస్త్రపండితురాలు, ఆ రోగమునే పరిశోధించునది, ఆ రోగమే కలది. లిథియము తన్ను నిలిపిన విధమును, దానిని మానివేసినపుడు జరిగిన యనర్థమును ఆమె దాచక వ్రాసినది. మందును మానవలెనని రోగికి ఏల తోచునో వైద్యుని కరపత్రమునందు దొరకదు; ఇచ్చట దొరకును.

మూడవది యింకను ముఖ్యము. బీర్సు మాట లోకమేల విన్నది? ఆతడు యేల్ పట్టభద్రుడు. చక్కని ఇంగ్లీషు వ్రాయగలవాడు. వ్రాతప్రతిని విలియం జేమ్స్ వంటి తత్త్వవేత్తకు చూపగలిగెను, ఆయన లేఖ గ్రంథమునకు ముందుమాటయయ్యెను. అడాల్ఫ్ మేయర్ అను ప్రసిద్ధ వైద్యుడు ‘మెంటల్ హైజీన్’ అను పేరు సూచించెను. అదే వార్డులో దెబ్బలు తినినవారిలో కూలివారుండిరి, ఇంగ్లీషు రాని వలసవారుండిరి. వారి సాక్ష్యము బీర్సు కన్నులద్వారా తప్ప మనకు రాదు. ఆత్మకథలను చదువునపుడు వ్రాయలేనివారి సంఖ్యను మనస్సులో నుంచుకొనవలెను.

గ్రంథము పుట్టించిన యుద్యమము సంగతి. 1908లో కనెక్టికట్ సంఘము, 1909లో జాతీయసంఘము, 1930లో వాషింగ్టన్ నగరమున అంతర్జాతీయ మహాసభ. ఇంత పని ఒక మాజీరోగి పూనికతో జరిగినదనుట సామాన్యము గాదు. కాని సంఘము పెరిగినకొలది అది వైద్యులదియు, ఆచార్యులదియు, దాతలదియు నయ్యెను. ఆసుపత్రిలోని రోగికన్న బడిలోని బాలుని ముందుజాగ్రత్తమీదకు దృష్టి మరలెను. చిరునామాల పుస్తకము చూచి వచ్చిన ఆ తోటిరోగికి సంఘమున పీట లేకపోయినది. ఆ పీటను వేసినవారు వేఱు: 1940 తరువాతి యేండ్లలో న్యూయార్కు ప్రాంతపు రాక్‌లాండ్ ఆసుపత్రినుండి బయటపడిన కొందఱు ‘మేము ఒంటరులము గాము’ అను నర్థము వచ్చు పేరుతో కూడి, నగరపు గ్రంథాలయపు మెట్లమీద కలిసికొనుచుండిరి. 1948లో నెలకొనిన ఫౌంటెన్ హౌస్ అను నిలయమునకు అదియే బీజము. బీర్సు స్వయముగ 1939లో మఱల రోగపీడితుడై ప్రావిడెన్సు పట్టణపు ఆసుపత్రిలో చేరి, 1943లో అచ్చటనే మరణించెను. దీనిచే గ్రంథము అబద్ధమైనదని వాదించువారున్నారు. మధుమేహరోగి యిరువదియేండ్లు చక్కగ బ్రదికి మఱల పడకపట్టినచో ఆ యిరువదియేండ్లను అబద్ధమందుమా? ఐనను పేరులోని ‘కనుగొనిన’ అను మాట కొంత తొందరపడినదని యొప్పుకొనవలసినదే.

ఆ సంఘమునకు వారసుగ వచ్చిన సంస్థ 1953లో ఆసుపత్రులనుండి తెప్పించిన గొలుసులను సంకెళ్లను కరగించి, 300 పౌనుల బరువుగల గంటను పోతపోయించినది. 2001 ఆగస్టు 6వ తేదీన మన పొరుగున తమిళనాటి రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, ఒక ప్రైవేటు ఆశ్రయమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు పాఱిపోలేక 28 మంది మరణించిరి. అచ్చటికి వారిని తెచ్చి విడిచిన కుటుంబములు క్రూరములని చెప్పి తప్పించుకొనుట తేలిక. తెచ్చి విడువక చేయదగిన దేమున్నదో, ఎచ్చట నున్నదో చెప్పినవారు వారికి దొరకియుండరు.

‘ఇవి యన్నియు మన శాస్త్రములలో ముందే యున్నవి’ అను పండితులు నాకు తెలిసినవారిలో గలరు. కొంత నిజమే. ఉన్మాదమనగా మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను నెనిమిదింటి విభ్రమమని చరకుడు నిర్వచించెను. రోగమును నీతిదోషముగ గాక శరీరమనస్సుల వికారముగ చూచిన యా నిర్వచనము గొప్పది. ఇష్టవస్తువును కోల్పోయి చెదరినవానిని ఊరడింపవలెననియు ఆయన చెప్పెను. కాని అదే చికిత్సాధ్యాయమున కట్టివేయుట, కోఱలు తీసిన పాముతో భయపెట్టుట, రాజభటులచే బెదరించుట కూడ చెప్పబడినవి. మొదటి భాగమును సభలలో ఉపన్యసించి రెండవదానిని దాచుట గ్రంథభక్తి గాదు.

మన తెలుగువారి యెఱుక శాస్త్రములకన్న సామెతలలో నున్నది. ‘పెండ్లి యయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు’ అని నవ్వుచు చెప్పుకొందుము. చెప్పినవాడు వెక్కిరించుటకే చెప్పెను. మనము పూర్వార్ధమును వైద్యసలహాగ తీసికొంటిమి. గాలి సోకినదని, చిల్లంగి యని, బాణామతి యని కొన్ని నెలలు తిప్పి, తాయెత్తులు కట్టించి, పిదప మందు తినిపించి, నాలుగునాళ్లు నెమ్మది కనబడగానే ముహూర్తము పెట్టుదురు. పిల్ల మందుబిళ్లలు పెట్టె యడుగున దాచుకొని అత్తవారింటికి పోవును, దాచలేక మానును, మానిన కొలదినాళ్లకే రోగము తిరుగబెట్టును. ఇది కల్పన గాదు. ఏ మానసికవైద్యుని గదిముందు ఒక పూట కూర్చుండినను వినబడు కథ. ఇచ్చట దాపరికమునకు కారణము దుర్బుద్ధికన్న తెలియమి. రోగపు పేరు బయటపడినంతనే పెండ్లి రద్దగునని భయపడుదురు. 1955 నాటి హిందూ వివాహశాసనమున మానసికవ్యాధి ప్రస్తావన గలదు. కాని స్కిజోఫ్రీనియా యను పేరు పెట్టినంతమాత్రమున విడాకులు రావనియు, వ్యాధి కలిసి బ్రదుకుటకు వీలులేనంత తీవ్రమా కాదా యని చూడవలెననియు సుప్రీముకోర్టు 1988లోనే తీర్పు చెప్పినది. మఱి ముఖ్యవిషయమును దాచి మోసముతో చేసిన పెండ్లిని రద్దుచేయుమని కోరుటకు అదే శాసనము వీలు కల్పించుచున్నది. అనగా దేనికి భయపడి దాచుచున్నారో, దాచుటయే దానికి దారి తీయుచున్నది. ఈ రెండు వాక్యములు తెలిసియున్నచో నిలిచియుండెడి సంసారములు ఎన్నియో!

బీర్సును పీడించిన నేరభయము మన యిండ్లలోను ఉన్నదే. ఆత్మహత్యాప్రయత్నము శిక్షార్హమను భారతశిక్షాస్మృతి 309వ సెక్షను కారణముగ, పురుగుమందు త్రాగినవానిని ఆసుపత్రికి కొనిపోవుటకు వెనుదీసిన కుటుంబములు, కొనిపోయినను పొరబాటున త్రాగెనని చెప్పించిన కుటుంబములు పల్లెలలో లెక్కకు మిక్కిలి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణచట్టము 2018 మే 29న అమలులోనికి వచ్చి, అట్టివాడు తీవ్రమగు ఒత్తిడిలో నుండెనని భావింపవలెననియు, వానిని శిక్షింపరాదనియు, ప్రభుత్వమే వానికి చికిత్స చేయింపవలెననియు శాసించెను. 2024 జూలై 1న వచ్చిన క్రొత్త న్యాయసంహితలో ఆ 309వ సెక్షనే లేదు. ఈ మార్పు రచ్చబండవఱకు చేరినదా? చేరలేదు. చట్టము మాఱినను భయము మాఱనిచో, మాఱినది కాగితమే.

నేను పనిచేసిన పాఠశాలలో పదవతరగతి చదువుచుండిన బాలుడొకడు సంవత్సరము నడుమ మానివేసెను. తండ్రి వచ్చి బదిలీపత్రము కోరెను, కారణము చెప్పలేదు. తరువాత కొన్ని నెలలకు సంతలో కలిసినపుడు తానే ప్రక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ‘మాస్టారూ, ఇట్లు ఇంకెవరి పిల్లవానికైన జరిగినదా?’ అని యడిగెను. మందు ఏదని యడుగలేదు. వైద్యుడు అప్పటికే దొరికియుండెను, మందు పనిచేయుచుండెను. ఆయనకు కావలసినది తనవంటి మఱియొక తండ్రి. అట్టివానిని చూపుటకు మా తాలూకాలో ఏ చోటును లేకపోయెను.

చోటు కల్పించినవారు మనదేశమున లేకపోలేదు. 1950 తరువాతి దశకమున అమృతసరస్సు మానసిక వైద్యశాలయందు డాక్టరు విద్యాసాగర్, రోగుల బంధువులను ఆవరణలోనే డేరాలలో నుండనిచ్చి, వారికి రోగమును వివరించి చెప్పి, రోగితోపాటు ఇండ్లకు పంపుచుండెను. డేరాల నడుమ కూర్చుండిన తల్లులు ఒకరినొకరు చూచి నేర్చుకొనినది వైద్యుని యుపన్యాసముకన్న తక్కువ గాదు. 1957లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు తెఱచిన మానసికారోగ్య కేంద్రమునను బంధువు రోగితో నుండుటయే పద్ధతి. మన చిత్తూరు సీమవారికి అది దగ్గఱ. ఈ పద్ధతి దయామాత్రము గాదు, దానికి ఫలము గలదు. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన రోగిని ఎల్లవేళల తప్పులెన్నుచు కసరుకొను ఇండ్లలో రోగము మఱల వచ్చుట యెక్కువ యని లండనులో జార్జి బ్రౌన్ మొదలగువారు కనుగొనిరి. 1987లో ప్రకటింపబడిన చండీగఢు పరిశీలనయందును అట్టి ఫలితమే కనబడినది. కసరుకొనుట స్వభావదోషమని తలంతుము. పెక్కుమార్లు అది ‘కావలెననియే చేయుచున్నాడు’ అను నపోహనుండి పుట్టును. లేవకుండుట సోమరితనము గాదు, రోగలక్షణము అని ఒక్కమారు బోధపడిన తల్లి గొంతు తానే తగ్గును.

ఇంతవఱకు వచ్చినపిమ్మట బీర్సును తెలుగులోనికి తేవలెనా యను ప్రశ్నకు నా యభిప్రాయము చెప్పుట సులభము. తేవలెను, కాని యథాతథముగ వలదు. మేడమీది కిటికీ మొదలు 1905 నాటి పునఃప్రవేశము వఱకు ఒక్క వాక్యమును విడువక తెనిగింపవలెను. సంస్కరణప్రణాళికను పది పుటలకు కుదింపవచ్చును. జేమిసన్ గ్రంథమువంటి యిటీవలి సాక్ష్యములను పరిచయముచేయు పీఠిక యొకటి యుండవలెను. అనుబంధమున మన చట్టము రోగి కిచ్చిన హక్కులను వాడుకమాటలలో వ్రాయవలెను: గొలుసులతో కట్టరాదనుట, తన చికిత్స యెట్లుండవలెనో ముందుగ వ్రాసియుంచుకొనవచ్చుననుట, తన తరఫున మాటాడు ప్రతినిధిని తానే యెన్నుకొనవచ్చుననుట, భీమాసంస్థలు ఈ రోగములను శరీరరోగములతో సమానముగ చూడవలెననుట. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సహాయమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చునను సంగతి అట్టమీదనే అచ్చువేయవలెను, లోపల దాచరాదు.

దీనికి తోడుగ, రోగముతో బ్రదికిన తెలుగువారి చేతను, వారిని సాకిన తల్లిదండ్రుల చేతను పదిపుటల చొప్పున వ్రాయించి చేర్చినచో గ్రంథము మనదగును. పేరు వేయనక్కఱలేదు, ఊరు చెప్పనక్కఱలేదు. వ్రాయలేనివారు చెప్పగా మఱియొకరు వ్రాసికొనవచ్చును. బీర్సు వార్డులో మూగబోయినవారి కొఱత కొంతవఱకైన అట్లు తీఱును. ఖర్చు సంగతి యడుగువారికి ఒక్క మాట. గ్రంథకర్త గతించి అఱువదియేండ్లు 2003తో నిండినవి గనుక, మనదేశమున దానిని అనువదించి యచ్చువేయుటకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు. కాగితపుఖర్చు పెట్టుకొను ప్రకాశకుడును, ఇంగ్లీషు తెలిసి ఓపికగల అనువాదకుడును ఉన్నచో చాలును.